హాలోవీన్ సాయంత్రం క్రైస్తవ కుటుంబం ఏం చేయాలి: ఐదు దారులు, ఎవరికి ఏది నప్పుతుంది

అమెరికాలో అక్టోబరు మొదలవగానే తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ఒక చర్చ మొదలవుతుంది. అక్టోబరు 31 రాత్రి జరిగే హాలోవీన్‌కు పిల్లల్ని పంపాలా, వద్దా? పాస్టరుగారిది ఒక మాట, పక్కింటి క్యాథలిక్ కుటుంబానిది ఇంకో మాట, ఇండియా నుంచి వాట్సాప్‌లో వచ్చే వీడియోలది మూడో మాట. ఎంతకీ తేలకపోవడానికి కారణం ఉంది. ఆ ఒక్క పేరు కింద చాలా పనులు కలిసిపోయి ఉన్నాయి: వేషం వేసుకోవడం, ఇంటింటికీ వెళ్లి క్యాండీ అడగడం, మన గుమ్మానికి వచ్చిన పిల్లలకు ఇవ్వడం, వాకిట్లో గుమ్మడికాయలూ అస్థిపంజరాలూ పెట్టడం, భయపెట్టే హాంటెడ్ హౌస్‌లకు వెళ్లడం, ఆత్మల్ని పిలిచే ఆటలు ఆడడం. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి సరే అన్నా చిక్కే, వద్దన్నా చిక్కే. ఒక్కొక్కటీ విడిగా తేల్చుకోవాలి. అదీ అక్టోబరు 31 మధ్యాహ్నం కాదు, సెప్టెంబరు ఆఖరుకే.

ఎక్కువ వివరం అమెరికాలో ఉన్న కుటుంబాల కోసం రాస్తున్నాం. హైదరాబాద్ సంగతి చివర్లో కొంచెం ఉంది.

పండుగ ఎక్కడిది

పోపు నాలుగో బోనిఫేస్ 609 ప్రాంతంలో, మే 13న, రోములోని పాంథియన్ ఆలయాన్ని మరియమ్మకూ హతసాక్షులందరికీ అంకితం చేశాడు. ఎనిమిదో శతాబ్దంలో మూడో గ్రెగరీ పరిశుద్ధులందరి పేర సెయింట్ పీటర్స్‌లో ఒక ప్రార్థనాస్థలం ప్రతిష్ఠించాడు. 835లో నవంబరు 1 ఫ్రాంకుల సామ్రాజ్యమంతటికీ పండుగ అయింది. దాని ముందురోజు, అంటే అక్టోబరు 31 సాయంత్రమే హాలోవీన్. అదే రోజుల్లో ఐర్లండ్, స్కాట్లండ్‌లలో కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే సావిన్ పండుగ ఉండేది. ఆ రాత్రి కనబడని శక్తులు తిరుగుతాయని జనం నమ్మేవారు. టర్నిప్ దుంపల్ని తొలిచి దీపాలు పెట్టేవారు. 1840ల కరువుకు తట్టుకోలేక అమెరికా చేరిన ఐరిష్ వాళ్లకు అక్కడ గుమ్మడికాయ దొరికింది. ఇంటింటికీ తిరిగి క్యాండీ అడగడం మాత్రం కొత్తది: 1920లు, 30లలో మొదలై, రెండో ప్రపంచ యుద్ధంలో చక్కెర రేషన్ వల్ల తగ్గి, యుద్ధం ముగిశాక దేశమంతా పాకింది.

కాబట్టి "ఇది సాతాను పుట్టినరోజు" అని తిరిగే మెసేజీలకు ఆధారం లేదు. "అచ్చంగా మన పండుగే" అనేవాళ్ల మాటా పూర్తిగా నిజం కాదు. రెండు పాయలూ ఇందులో ఉన్నాయి. తేదీ గురించి భయపడక్కర్లేదు, ఆ రాత్రి ఏం చేస్తున్నామో చూసుకుంటే చాలు.

వాక్యం ఎక్కడ గీత గీస్తుంది

ద్వితీయోపదేశకాండము 18:10-12లో సందేహానికి చోటు లేదు. సోదె, శకునాలు, మంత్రాలు, కర్ణపిశాచిని అడగడం, దయ్యాల దగ్గర విచారణ చేయడం, ఇవన్నీ దేవునికి హేయం. ఈ గీత ఏ దారి ఎంచుకున్న కుటుంబానికైనా వర్తిస్తుంది. ఆత్మల్ని పిలిచి ప్రశ్నలడిగే ఊయీజా బోర్డు అమెరికా దుకాణాల్లో పిల్లల బొమ్మల పక్కనే అమ్ముతారు. ఆరేడు తరగతుల పిల్లలు స్నేహితుల ఇంట్లో రాత్రి పడుకునే పార్టీలకు వెళ్తే, ఊయీజా, జోస్యం చెప్పే టారో కార్డులు, చీకట్లో పేరు పెట్టి ఆత్మను పిలవడం వంటి ఆటలు అక్కడ ఉండొచ్చు. క్యాండీ కోసం నెలంతా తగవులాడుకుని దీన్ని అడగకుండా వదిలేసే తల్లిదండ్రులు చాలామంది. పంపేముందు ఆ ఇంటివాళ్లను నేరుగా అడగాలి. "మావాడు ఆత్మలను పిలిచే ఆటల్లో కూర్చోడు, అవి ఉంటే తొమ్మిదికల్లా వచ్చి తీసుకెళ్తాం" అంటే ఎవరూ తప్పుగా అనుకోరు.

ఇక మిగతా వాటికి మన తెలుగువాళ్ల దగ్గర అమెరికన్ క్రైస్తవులకు లేని అనుభవం ఒకటి ఉంది. ప్రసాదం. ఎదురింటివాళ్లు వినాయక చవితికి ఉండ్రాళ్లు పంపితే ఏం చేయాలో మన ఇళ్లలో తరతరాలుగా తేల్చుకుంటూనే ఉన్నారు. కొందరు తీసుకుని పనిమనిషికి ఇచ్చేస్తారు, కొందరు "మేము తినమండీ, ఏమీ అనుకోకండి" అంటారు, కొందరు ప్రార్థన చేసుకుని తింటారు. 1 కొరింథీయులకు 8, 10 అధ్యాయాలు చెప్పేది సరిగ్గా ఈ విషయమే. కటికవాని అంగడిలో అమ్మేది మనస్సాక్షి కోసం విచారణ చేయకుండా తినొచ్చు. "ఇది బలి అర్పించినది" అని ఎవరైనా చెబితే, చెప్పినవాని కోసం తినకూడదు.

దీన్ని హాలోవీన్‌కు పెట్టి చూడండి. క్యాండీని ఎవరూ దేనికీ అర్పించలేదు. ఫ్యాక్టరీలో చుట్టి దుకాణంలో అమ్మింది. "మంత్రగత్తెలు ముందే మంత్రాలు వేస్తారు" అనే వీడియోలను నమ్మితే ఆ దుకాణంలో ఏదీ కొనలేం. ఈ కొలత ప్రకారం ప్రసాదమే కష్టమైన ప్రశ్న, క్యాండీ తేలిక. కనుక ప్రసాదం వద్దని, క్యాండీ సరేననే ఇంట్లో పొంతన లేదనుకోకూడదు. ప్రసాదం తింటూ క్యాండీ మాత్రం పాపమనే ఇంట్లోనే, పెద్దయ్యాక పిల్లలు కారణం అడుగుతారు. అప్పుడు చెప్పే మాట సిద్ధంగా ఉండాలి.

గుమ్మడికాయ విషయంలో మాత్రం మనకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ముఖం చెక్కిన గుమ్మడికాయ అమెరికన్ పొరుగువారికి ఉత్త అలంకారం. గుంటూరులో ఉన్న మీ అత్తగారికి ఆ ఫొటో దిష్టి గుమ్మడికాయలా కనబడుతుంది. చేతబడి, దిష్టి, సోదె నమ్మకాల మధ్యనుంచి బాధపడి బయటపడి బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే, వాళ్ల మనసు నొప్పించి ఆ కాయ పెట్టుకోవాల్సిన అవసరమేం లేదు. చెక్కని గుమ్మడికాయలు, మొక్కజొన్న కంకులు, బంతిపూల కుండీలు పెడితే శరదృతువు అలంకారం అవుతుంది, ఇంట్లో ఎవరికీ అభ్యంతరం ఉండదు. పైగా చెక్కని కాయ నెల పైనే నిలుస్తుంది. చెక్కింది వారం తిరగకుండా మెత్తబడి బూజు పడుతుంది.

మొదటి దారి: లైటు ఆపేయడం

అమెరికాలో పోర్చ్ లైటు ఆపి ఉంటే ఆ ఇంట్లో క్యాండీ ఇవ్వరని గుర్తు. పిల్లలు తలుపు తట్టకుండా ముందుకు వెళ్లిపోతారు, ఎవరూ తప్పు పట్టరు. పాల్గొనకూడదని నిశ్చయించుకున్న కుటుంబం చేయవలసింది ఇంతే: పోర్చ్ లైటు, డ్రైవ్‌వే లైటు, వాకిట్లో కదలికకు వెలిగే సెన్సర్ లైటు, మూడూ ఆపాలి. మూడోది మరిచిపోతే పిల్లలు దగ్గరికి రాగానే వెలుగుతుంది, ఆ వెంటనే బెల్లు మోగుతుంది.

ఈ దారిలో దెబ్బతినేది ఇంటి లోపల. పిల్లల్ని చీకటి గదిలో కూర్చోబెట్టి, బయట నవ్వులు వినబడుతుంటే "మనం అలాంటివాళ్లం కాదు" అని చెబితే వాళ్లకు మిగిలేది ఏదో పోగొట్టుకున్న బాధ, దాంతో పాటు పొరుగువారిపై చిన్నచూపు. వద్దన్న చోట ఇంకొకటి పెట్టాలి. సాయంత్రం ఐదున్నరకే ఇల్లు వదిలి మరో విశ్వాసుల కుటుంబం ఇంటికి భోజనానికి వెళ్లడం, లేదా నాలుగు కుటుంబాల పిల్లల్ని పిలిచి బిర్యానీ, పాటలు, బైబిల్ క్విజ్ పెట్టుకోవడం బాగా నడుస్తుంది. ఏటా అదే చేస్తే రెండో మూడో ఏటికి పిల్లలే దానికోసం ఎదురుచూస్తారు.

రెండో దారి: గుమ్మం దగ్గర ఉండి ఇవ్వడం

మా దృష్టిలో చాలా కుటుంబాలకు ఇదే మంచిది. ఏడాదంతా గ్యారేజి తలుపులోంచి కారులో వెళ్లి కారులో వచ్చే సబ్‌డివిజన్‌లో (ఇళ్ల కాలనీలో), వీధి వీధంతా మన గుమ్మానికి నడిచి వచ్చే సాయంత్రం ఇదొక్కటే. పొరుగువారిని ప్రేమించమన్న ఆజ్ఞ పాటించడానికి ఇంత తేలికైన సమయం మళ్లీ దొరకదు. పైగా మన పిల్లలు ఆరోజు అడిగేవాళ్లు కారు, ఇచ్చేవాళ్లు.

లెక్కలు చూద్దాం. కొత్తగా దిగిన ఇల్లయితే ఎంతమంది పిల్లలు వస్తారో పక్కింటివాళ్లను అడగండి. ఒకే కమ్యూనిటీలో కూడా మలుపు తిరిగితే లెక్క మారిపోతుంది. ఏమీ తెలియకపోతే 100 మందికి తలా రెండు చొప్పున 200 ముక్కలు కొనండి. ఏడింటికి సగం అయిపోతే తలా ఒకటి చేయండి. పూర్తిగా అయిపోతే లైటు ఆపేయడమే. గిన్నె నింపి వాకిట్లో పెట్టి వెళ్లిపోతే మొదట వచ్చిన పెద్దపిల్లల గుంపే ఖాళీ చేస్తుంది, వెనక వచ్చిన చిన్నవాళ్లు చిన్నబోతారు. తలుపు దగ్గర నిలబడేకంటే డ్రైవ్‌వే చివర మడత బల్ల, రెండు కుర్చీలు వేసుకోండి. పిల్లలతో వచ్చిన తల్లిదండ్రులు అక్కడ రెండు నిమిషాలు ఆగుతారు. ఫ్లాస్కులో చాయ్ పెట్టుకుంటే అయిదు నిమిషాలు ఆగుతారు. పేర్లు తెలిసేది అప్పుడే.

వేరుశెనగ, పాలు పడని పిల్లల కోసం పెన్సిళ్లు, స్టిక్కర్లు, చీకట్లో మెరిసే గాజులు మరో గిన్నెలో పెట్టండి. నీలి ఆకుపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ బయట ఉంటే, ఇక్కడ తినేవి కాని బహుమతులు కూడా ఉన్నాయని అర్థం. టీల్ పంప్కిన్ ప్రాజెక్ట్ పేరుతో 2014లో దేశమంతా మొదలైన ఈ గుర్తు ఆ తల్లిదండ్రులకు పెద్ద ఊరట.

సువార్త కరపత్రాలు ఇవ్వాలనుకుంటే, క్యాండీ బదులు ఎప్పుడూ ఇవ్వకండి, క్యాండీతో పాటు ఇవ్వండి. అయిదేళ్ల బిడ్డ సంచిలో నరకాగ్ని బొమ్మలున్న కాగితం పడితే దాన్ని చదివేది తల్లి, ఆమె మళ్లీ మీ గుమ్మం ఎక్కదు. డబ్బు నోటులా కనబడే కరపత్రాలు మోసంలా తోస్తాయి, వాటి జోలికి పోవద్దు. చర్చి చిరునామా, క్రిస్మస్ ఆరాధన సమయం, పిల్లలకు రంగులు వేసుకునే బొమ్మ ఉన్న చిన్న కార్డు చాలు.

మూడో దారి: పిల్లలతో బయటికి వెళ్లడం

వెళ్లాలనుకుంటే ముందు వేషం. దయ్యం, మంత్రగత్తె, రక్తం, కుళ్లిన శవం వద్దన్న ఒక్క నియమం పెట్టి, మిగతాది బిడ్డ ఇష్టానికి వదలండి. ఫిలిప్పీయులకు 4:8 దగ్గర పెట్టుకుని ఇది రమ్యమైనదేనా అని బిడ్డనే అడిగితే జవాబు చెబుతారు. ఫైరింజన్ మనిషి, డాక్టరు, తేనెటీగ, ఏదైనా ఫరవాలేదు. చర్చిలో క్రిస్మస్ నాటికకు కుట్టించిన గొర్రెలకాపరి అంగీ, తలకు తువ్వాలు, జ్ఞానుల కిరీటాలు ఎలాగూ అలమారలో ఉంటాయి, అవీ పనికొస్తాయి. తేనెటీగ కావాలని ఏడుస్తున్న బిడ్డకు బలవంతంగా దావీదు వేషం వేస్తే మాత్రం దావీదు మీదే కోపం వస్తుంది.

ముసుగు కంటే ముఖానికి రంగు మేలు. ముసుగు కంటి చూపును అడ్డుకుంటుంది. అంగీ అంచు చీలమండ పైకి ఉండాలి, లేకపోతే మెట్లమీద తొక్కుకుని పడతారు. ఉత్తరాది రాష్ట్రాల్లో ఆ రాత్రికి కోటు తప్పదు. వేషం ఒక సైజు పెద్దది కొంటే కోటు లోపల పడుతుంది.

తల్లిదండ్రులు ఎక్కువగా భయపడేది క్యాండీలో విషం గురించి. 1974లో టెక్సస్‌లో విషపు క్యాండీ తిని ఒక బాబు చనిపోయిన కేసు ఉంది. ఆ విషం కలిపింది సొంత తండ్రే అని కోర్టులో తేలింది. అసలు ప్రమాదం కార్లది. అమెరికాలో 1975 నుంచి 2016 వరకు లెక్కలు తీసిన ఒక వైద్య అధ్యయనం ప్రకారం, హాలోవీన్ సాయంత్రం పాదచారుల మరణాలు దగ్గరలోని మామూలు సాయంత్రాల కంటే 43 శాతం ఎక్కువ. వేషం వెనకా ముందూ వెలుగుకు మెరిసే టేపు అంటించండి, ప్రతి బిడ్డ చేతిలో టార్చి ఉండాలి. పార్క్ చేసిన కార్ల సందుల్లోంచి రోడ్డు దాటనివ్వకండి. వీధికి ఒక పక్క ఇళ్లన్నీ పూర్తిచేశాక మూల దగ్గర ఒక్కసారే దాటండి. సూర్యాస్తమయం చాలాచోట్ల ఆరు అటూఇటూగా అవుతుంది, చిన్నవాళ్లను అయిదున్నరకే బయల్దేరదీసి చీకటి చిక్కబడేలోపు తిరిగి రండి. కొన్ని ఊళ్లు సమయాన్నే కాక తేదీని కూడా మార్చి పెడతాయి, సిటీ వెబ్‌సైట్ చూసుకోండి. వాకిట్లో కదిలే శవాలు, పొగ, అరుపులు పెట్టిన ఇల్లు ఏదో పగలే ఒకసారి చుట్టి చూస్తే తెలుస్తుంది, దాన్ని తప్పించి దారి వేసుకోవచ్చు.

ఇంటికి వచ్చాక అన్నీ బల్లమీద పోసి చూడండి. పైన చుట్టిన కాగితం చినిగినవి పారేయండి. నాలుగేళ్ల లోపు పిల్లలకు గట్టి క్యాండీ, గింజలు, బబుల్ గమ్ ఇవ్వొద్దు, గొంతులో అడ్డం పడతాయి. అలర్జీ ఉన్న ఇంట్లో గుర్తుంచుకోవాల్సింది: చిన్న సైజు చాక్లెట్‌లోని దినుసులు పెద్ద సైజులోవే కానక్కర్లేదు, పైన చుట్టిన ఆ చిన్న కాగితం మీద దినుసుల జాబితా ఉండకపోవచ్చు కూడా.

నాలుగో దారి: చర్చి పార్కింగ్ లాట్

ట్రంక్ ఆర్ ట్రీట్ అని కార్లు వరసగా నిలిపి, డిక్కీలు అలంకరించి, పిల్లలు ఒక్కో కారు దగ్గరికి వెళ్లి క్యాండీ తీసుకుంటారు. హార్వెస్ట్ ఫెస్టివల్, హల్లెలూయా నైట్ అనీ పిలుస్తారు. కార్ల రాకపోకలు ఉండవు, ఏం పెట్టాలో, ఏం వద్దో మన చేతిలో ఉంటుంది, చిన్నపిల్లలకు సురక్షితం.

చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. ప్రతి బిడ్డా ప్రతి కారు దగ్గరా ఆగుతాడు. 20 కార్లు, 200 మంది పిల్లలు, తలా ఒక్కటి అంటే 4,000 ముక్కలు, కారుకు 200. ఒక్కో కుటుంబం ఒక్కో సంచి తెస్తే మొదటి అరగంటలోనే అయిపోతాయి. అందుకే సంఘం ఒకేచోట కొని కార్లకు పంచడం మంచిది. రెండు కార్ల మధ్య ఒక స్థలం ఖాళీగా వదలండి. మొదలయ్యాక ఒక్క కారు కూడా కదలకూడదు, ఆ మాట ముందే అందరికీ చెప్పండి. ఆలస్యంగా వచ్చేవాళ్లకు వేరే లాట్ చూపించండి. అద్దె భవనంలో కూడుకునే తెలుగు సంఘమైతే పార్కింగ్ లాట్ వాడుకోవడానికి విడిగా అనుమతి, బీమా కాగితం అడగొచ్చు. ఆ చర్చివాళ్లే కార్యక్రమం పెడుతుంటే నాలుగు కార్లతో వాళ్లలో కలవడం సుఖం.

ఒక్క అభ్యంతరం మాత్రం చెప్పాలి. వచ్చినవాళ్లంతా సంఘం పిల్లలే అయితే, పేరు మార్చి హాలోవీన్ చేసుకున్నట్టే. పిల్లలకూ అది తెలుసు. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల పిల్లల్ని పిలిచినప్పుడే ఈ శ్రమకు అర్థం ఉంటుంది. 2027లో అక్టోబరు 31 ఆదివారం. మధ్యాహ్నం ఆరాధన చేసే తెలుగు సంఘాలు ఆ ఏడు కార్యక్రమాన్ని శనివారానికి పెట్టుకుంటే రెండూ చెడవు.

ఐదో దారి: సంఘ క్యాలెండరు పట్టుకోవడం

క్యాథలిక్ కుటుంబాలకు నవంబరు 1 సకల పునీతుల పండుగ, 2 మృతుల స్మరణ దినం. 31 సాయంత్రం ఎలా గడిపినా ఈ రెండు రోజులూ పూజకు వెళ్లకపోతే అసలు పండుగ పోయినట్టే. బిడ్డకు ఏ పునీతుని పేరు పెట్టారో ఆ వేషమే వేసి ఆ కథ చెప్పడం బాగుంటుంది. లూథరన్ కుటుంబాలకు 31 ఎలాగూ సంస్కరణ దినం. 1517లో ఆ రోజే మార్టిన్ లూథర్ జర్మనీలోని విట్టెన్‌బర్గ్‌లో, చర్చి పద్ధతుల్ని ప్రశ్నిస్తూ 95 వాదాంశాలు ప్రకటించాడు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ దొర గుంటూరు రావడంతో మొదలైన సంఘానికి వారసులైన ఆంధ్ర లూథరన్‌లకు ఆ సాయంత్రం ఇంట్లో చెప్పుకోవడానికి సొంత కథే ఉంది.

ఎవరికి ఏది

ఇంట్లో ఎవరైనా మంత్రతంత్రాల నుంచి, దయ్యాల భయం నుంచి బయటపడి వచ్చినవారైతే మొదటి దారి. ఇందులో రెండో ఆలోచన వద్దు, సంఘంలో ఎవరూ వాళ్లను ఛాందసులని అనకూడదు. చీకటికి భయపడే, రాత్రులు ఉలిక్కిపడి లేచే పిల్లలుంటే నాలుగోది. మీ వీధిలో పిల్లలు బాగా తిరిగితే, పొరుగుతో పరిచయం లేకపోతే రెండోది. పిల్లలు ప్రాథమిక బడి వయసులో ఉండి, తెలిసిన పది పదిహేను ఇళ్లుంటే మూడోది, 12 ఏళ్ల లోపు వాళ్లతో పెద్దవాళ్లు తప్పకుండా ఉండాలి.

భార్యాభర్తల మధ్య మాట కలవకపోతే? రోమీయులకు 14వ అధ్యాయం చివర ఉన్నదే కొలత: అనుమానంతో చేసేది ఏదైనా విశ్వాసమూలం కాదు. కాబట్టి వద్దనే మనస్సాక్షి ఉన్నవారి మాటే ఆ ఏటికి నిలవాలి. సరేననే వాళ్లు ఒక సాయంత్రం వదులుకుంటే పోయేది క్యాండీయే. మరుసటి ఏడు మళ్లీ మాట్లాడుకోవచ్చు.

బడికి రాయాల్సిన మెయిల్

అక్టోబరు మొదటి వారంలోనే టీచరుకు రాయండి. అడగాల్సినవి మూడే: తరగతిలో పార్టీ ఏ రోజు, వేషం తప్పనిసరా, భయపెట్టే కథలు గానీ సినిమా గానీ ఉంటాయా. పాల్గొనకూడదనుకుంటే ఒక్క వాక్యం చాలు: మా విశ్వాసం ప్రకారం మా బిడ్డ ఈ కార్యక్రమంలో ఉండదు, ఆ సమయంలో లైబ్రరీలో ఉండొచ్చా, లేక మేం వచ్చి తీసుకెళ్లాలా? పండుగ ఎందుకు తప్పో రెండు పేజీలు రాయొద్దు, టీచరుకు ఆ రోజు పాతికమంది పిల్లలున్నారు. పుస్తకంలోని పాత్రలా వస్తే సరిపోతుందా అని అడిగితే చాలా బడుల్లో సరేనంటారు. ఏం నిర్ణయించినా బిడ్డకు ఆ ఉదయం కాక వారం ముందే చెప్పండి. స్నేహితులు అడిగితే చెప్పుకునే మాట బిడ్డ నోట్లో ఉండాలి: "మా ఇంట్లో ఇది చేయం, కానీ శుక్రవారం మా ఇంట్లో పార్టీ ఉంది, వస్తావా?"

హైదరాబాద్‌లో అయితే

ఇక్కడ హాలోవీన్ మాల్‌లో, కొన్ని అంతర్జాతీయ స్కూళ్లలో, గేటెడ్ కమ్యూనిటీల్లో పెట్టే కార్యక్రమం. వీధంతా కలిసి చేసుకునేది కాదు కాబట్టి, అమెరికాలో రెండో దారికి ఉన్న బలమైన కారణం ఇక్కడ లేదు. వెళ్లకపోతే పొరుగుతో తెగేదేమీ లేదు, వెళ్లకపోవడమే తేలిక. స్కూలు తప్పనిసరి వేషం అంటే మూడో దారిలోని నియమం ఇక్కడా సరిపోతుంది. ఆ వారంలో మన ఊళ్లలో క్రైస్తవులకు అసలు పని నవంబరు 2న ఉంటుంది. సమాధుల పండుగకు ముందే వెళ్లి గడ్డి పీకి, సున్నం వేయించాలి. పూలు, కొవ్వొత్తులు ముందురోజే కొనిపెట్టుకోండి, ఆ ఉదయం శ్మశానం గేటు దగ్గర బంతిపూల ధర బాగా పెరుగుతుంది. పిల్లల్ని వెంట తీసుకెళ్లి, ఏ సమాధి ఏ తాతదో, ఆయన ఏ ఊరి సంఘంలో ఉండేవాడో చెప్పండి.